మందు వికటిస్తే మొదటి ఐదు నిమిషాలు



2021 జూన్ మొదటి ఆదివారం నాడు మన శేరిలింగంపల్లి పరిధిలోని హైటెక్స్‌లో ఒక్కరోజే దాదాపు 40 వేల మందికి కోవిడ్ టీకా వేశారు. ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో కొందరు ఆ వరుసల్లో నిలబడే ఉంటారు. టీకా వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోవాలన్నది అప్పుడు దేశమంతటా అమలైన నియమం. కుర్చీలు వేశారు, కూర్చున్నాం, ఫోన్ చూసుకున్నాం, లేచి ఇంటికి వచ్చేశాం.

ఆ అరగంట దేనికో చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. టీకా గానీ, మందు గానీ ఒంటికి పడకపోతే, సూదిమందు విషయంలో ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ ఎక్కువగా మొదటి అరగంటలోనే బయటపడుతుంది. అది వచ్చిందని కనిపెట్టడానికి ఒక మనిషి, దాన్ని ఆపడానికి ఒక చిన్న గాజు ఆంప్యూల్ దగ్గర ఉండాలి. ఆ ఆంప్యూల్‌లో ఉండే మందు పేరు అడ్రినలిన్. ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది దాని గురించే.

కోవిడ్ వెనకబట్టింది, దాంతోపాటే ఆ అలవాటూ పోయింది. చందానగర్‌లోనో మియాపూర్‌లోనో సాయంత్రం ఏడు గంటలప్పుడు ఒక చిన్న క్లినిక్ ఊహించుకోండి. కింద మందుల షాపు, పైన డాక్టరు గది, కర్టెన్ వెనక ఒక బల్ల. జ్వరంతో వచ్చినాయనకు పొద్దున్నే డ్యూటీ ఉంది. "ఒక సూదేసి పంపండి సార్" అంటాడు. నరానికి యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. దూది నొక్కిపెట్టుకుని రెండో నిమిషానికి మెట్లు దిగి బైకు తీస్తాడు. దాదాపు ప్రతిసారీ ఏమీ కాదు. ఏమీ కాదు కాబట్టే మనలో భయం పోయింది. కానీ ఏదో ఒక రోజు ఎవరో ఒకరికి ఆ మెట్ల మీదే అరచేతులు దురద పెట్టడం మొదలవుతుంది.

ఆ దురదను తేలిగ్గా తీసుకోవద్దు. అరచేతులు, అరికాళ్ళు, నెత్తిమీద చర్మం జివ్వుమని దురద పెట్టడం చాలామందిలో తొలి గుర్తు. తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, ముఖం ఎర్రబడుతుంది, పెదవులు, కనురెప్పలు ఉబ్బుతాయి. ఇంతవరకే ఉంటే ప్రాణభయం తక్కువ. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉన్నా, మాట బొంగురుపోయినా, ఛాతీ బిగదీసి పిల్లికూతలు వచ్చినా, కళ్ళు చీకట్లు కమ్మి ఒళ్ళు చల్లబడినా అది ఇక మామూలు ఎలర్జీ కాదు. కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతి కూడా ఇందులో భాగంగా రావచ్చు. ఇంకో గుర్తు ఉంది, వైద్య పుస్తకాలు కూడా దాన్ని రాసి పెట్టాయి. రోగికి ఉన్నట్టుండి విపరీతమైన భయం పుడుతుంది. "నాకేదో అయిపోతోంది, బతకనేమో" అంటాడు. అలా అన్నప్పుడు "భయపడకు, ఏమీ కాదు" అని సర్దిచెప్పడం కాదు, వెంటనే నాడి చూడాలి, బీపీ చూడాలి.

దద్దుర్లు లేవు కాబట్టి ఎలర్జీ కాదనుకోవడం పెద్ద పొరపాటు. పదిమందిలో ఒకరిద్దరికి చర్మం మీద ఏ మచ్చా కనిపించదు. మందు ఒంట్లోకి వెళ్ళిన కాసేపటికే ఊపిరి ఆడకపోయినా, బీపీ పడిపోయినా అది చాలు. సూది అంటేనే భయపడి కళ్ళు తిరిగి పడిపోవడం మాత్రం వేరు. అలా పడినవాళ్ళు పాలిపోతారు, నాడి నెమ్మదిస్తుంది, పడుకోబెడితే కాసేపట్లో తేరుకుంటారు. దురద, ఉబ్బు, ఆయాసం ఉండవు.

లోపల జరిగేది ఇదీ. మన చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో మాస్ట్ కణాలని ఉంటాయి. వాటి నిండా హిస్టమిన్ వంటి రసాయనాలు నింపి ఉంటాయి. ఒంటికి పడని మందు తగలగానే అవన్నీ ఒకేసారి గుమ్మరించేస్తాయి. రక్తనాళాలు వదులై చిల్లులు పడ్డట్టు కారతాయి. పది నిమిషాల్లో నాళాల్లోని ద్రవంలో మూడో వంతు దాకా బయటికి జారిపోగలదు. రక్తం ఒంట్లోనే ఉంటుంది గానీ గుండెకు తిరిగి చేరదు. శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి.

"ఈ మందు ఇంతకుముందు వాడాను, ఏమీ కాలేదు" అని చాలామంది ధీమాగా చెప్తారు. ఆ ధీమా పనికిరాదని వందేళ్ళ కిందే తేలింది. ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రిషె 1902లో నెప్ట్యూన్ అనే కుక్కకు సముద్రజీవి విషాన్ని కొద్దిగా ఎక్కించాడు. అది హాయిగా తట్టుకుంది. 22 రోజుల తర్వాత అంతే మోతాదు మళ్ళీ ఇచ్చాడు. క్షణాల్లో కూలబడి 25 నిమిషాల్లో చనిపోయింది. ఆ పరిశోధనకే 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. చాలా మందుల విషయంలో మొదటిసారి ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, తర్వాతిసారి తిరగబడుతుంది. నొప్పి మాత్రలు, స్కానింగ్‌కి ఎక్కించే కాంట్రాస్ట్ మందు వంటివైతే మొదటిసారే వికటించవచ్చు.

ఎంత సమయం ఉంటుంది? బ్రిటన్‌లో పంఫ్రీ అనే వైద్యుడు ఇలాంటి మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 2000 సంవత్సరంలో వివరాలు ప్రచురించాడు. ఆహారం వల్ల వచ్చినప్పుడు ఊపిరి గానీ గుండె గానీ ఆగిపోవడానికి సగటున అరగంట పట్టింది. తేనెటీగలు, కందిరీగలు కుట్టినప్పుడు 15 నిమిషాలు. వైద్యంలో భాగంగా ఇచ్చిన మందు వల్ల అయితే 5 నిమిషాలు.

ఐదు నిమిషాలంటే మన ప్రాంతంలో ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు. సాయంత్రం వేళ బయోడైవర్సిటీ కూడలి దాటడానికే అంతకు మించి పడుతుంది. మన చుట్టూ గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, నల్లగండ్లలో పెద్ద పెద్ద ఆసుపత్రులున్నాయి, కొండాపూర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అవన్నీ ఉన్నా ఆ ఐదు నిమిషాల్లో మనల్ని కాపాడగలిగేది సూది వేసిన గదిలో ఉన్న మందు మాత్రమే. బస్తీ దవాఖానా అయినా, దంతవైద్యుడి గది అయినా, స్కానింగ్ సెంటర్ అయినా, ఇంటికొచ్చి సెలైన్ పెట్టే నర్సమ్మ సంచి అయినా అడ్రినలిన్ ఉండి తీరాలి. అడ్రినలిన్ లేనిచోట సూది వేయకూడదు, వేయించుకోకూడదు. ఈ మాట నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా అంటాను.

ఇక్కడే నా మనసు కలుక్కుమనే సంగతి ఒకటి చెప్పాలి. మందు వికటించగానే చాలా చోట్ల చెయ్యి వెళ్ళేది అడ్రినలిన్ వైపు కాదు. ఏవిల్, డెక్సా వైపు. లేదంటే హైడ్రోకార్టిజోన్ వైపు. ఆ రెండూ ఇచ్చి, "ఇప్పుడు ఎలా ఉంది?" అని అడుగుతూ విలువైన నిమిషాలు పోగొడతారు. ఏవిల్ దురదను తగ్గిస్తుంది, దద్దుర్లను తగ్గిస్తుంది. పడిపోతున్న బీపీని లేపదు, బిగుసుకున్న గొంతును విప్పదు. పైగా మగతగా చేస్తుంది కాబట్టి రోగి ప్రమాదంలోకి జారుతున్నాడో, నిద్రలోకి జారుతున్నాడో తెలియదు. డెక్సా, హైడ్రోకార్టిజోన్ స్టెరాయిడ్లు, అవి పనిచేయడానికి గంటలు కావాలి. ఇవి తర్వాత ఇవ్వొచ్చు, తప్పులేదు. మొదట ఇవ్వాల్సింది అడ్రినలిన్. వదులైన నాళాలను బిగించేదీ, బిగిసిన శ్వాసనాళాలను తెరిచేదీ, గుండెకు ఊతమిచ్చేదీ, మాస్ట్ కణాలు ఇంకా గుమ్మరించకుండా అడ్డుకునేదీ అదొక్కటే.

దాన్ని ఇవ్వడానికి భయపడే వైద్యులున్నారని నాకు తెలుసు. గుండె దడ పెరుగుతుందనీ, వయసు పైబడినవాళ్ళు తట్టుకోలేరనీ ఆ భయం. దానికి ఒక కారణం లేకపోలేదు. ఆంప్యూల్ మొత్తం నేరుగా నరంలోకి ఎక్కిస్తే నిజంగానే ప్రమాదం. తొడ బయటి వైపు మధ్యభాగంలో, కండలోకి ఇస్తే ఆ భయం అక్కర్లేదు. మన దగ్గర దొరికే ఆంప్యూల్ ఒక మిల్లీలీటరు, అందులో ఒక మిల్లీగ్రాము మందు. పెద్దవాళ్ళకు అందులో సగం, అంటే అర మిల్లీలీటరు. పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున. తగ్గకపోతే ఐదు నిమిషాల నుంచి పావుగంట లోపు మళ్ళీ ఇవ్వాలి. చేతికి కాకుండా తొడకే ఎందుకంటే అక్కడి పెద్ద కండ నుంచి మందు రక్తంలోకి త్వరగా చేరుతుంది. అత్యవసరంలో ప్యాంటు మీది నుంచే పొడిచినా ఫర్వాలేదు. ఇదేమీ ఖరీదైన మందు కాదు. జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నదే. దాని చిక్కల్లా ఏళ్ళ తరబడి వాడే అవసరం రాక డ్రాయర్‌లోనే గడువు దాటిపోవడం. క్లినిక్ నడిపే డాక్టర్లూ నర్సులూ వింటుంటే, రేపు వెళ్ళగానే ఆ పెట్టె తెరిచి తేదీ చూడండి. మందు రంగు మారి గోధుమవన్నెకు తిరిగితే పారేసి కొత్తది తెచ్చిపెట్టండి.

అమెరికాలో ఉండి వచ్చిన కుటుంబాలు మన కాలనీల్లో చాలా ఉన్నాయి. వాళ్ళకు తొడకు నొక్కితే చాలు మందు వెళ్ళిపోయే పెన్ తెలిసే ఉంటుంది. మన దగ్గర అది మామూలు మందుల షాపుల్లో దొరకదు. ఒకసారి ఇలాంటి గండం గడిచినవాళ్ళు ఎలర్జీ వైద్యుణ్ణి కలిసి, ఇంట్లో ఏం పెట్టుకోవాలో, ఎలా ఇవ్వాలో నేర్చుకుని రావడం మంచిది.

వైద్యుడు కాని మనిషి చేయగలిగినదీ ఉంది. నరానికి ఎక్కుతున్న మందు అయితే ఆపమని కేకేయండి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. ఆయాసం బాగా ఉంటే కాళ్ళు చాపి కూర్చోనివ్వండి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి, గర్భిణి అయితే ఎడమ పక్కకు. లేచి నిలబడనివ్వద్దు, నడిపించొద్దు. కాస్త తేలికపడ్డాడు కదా అని లేపి నిలబెట్టగానే గుండె ఆగిపోయిన సందర్భాలున్నాయి. కిందికి జారిన రక్తం గుండెకు చేరకపోవడమే కారణం. మన ఊళ్ళో అలవాటుగా చేసేది ఏమిటి? ఇద్దరు మిత్రులు బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ట్రాఫిక్‌లో సందులు చూసుకుంటూ పెద్దాసుపత్రికి పరుగు తీస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ మనిషికి ఆ క్షణంలో అన్నిటికన్నా కీడు చేసేది కాళ్ళు కిందికి వేలాడేసి నిటారుగా కూర్చోవడమే. 108కి ఫోన్ చేయండి, "ఇంజక్షన్ వికటించింది, ఊపిరి ఆడటం లేదు" అని స్పష్టంగా చెప్పండి. 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైన సర్వీసు అది. నీళ్ళు తాగించొద్దు. ఊపిరి ఆగిపోతే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టండి. ఐటీ ఆఫీసుల్లో ఏటా ఫైర్ డ్రిల్ చేస్తారు కదా, ఆ రోజే ఇది కూడా నేర్పితే బాగుంటుంది.

తేరుకున్నాక వెంటనే ఇంటికి వెళ్ళిపోకూడదు. కొందరిలో కొన్ని గంటల తర్వాత ఎలర్జీ మళ్ళీ తిరగబెడుతుంది. వైద్యులు చెప్పినంతసేపు ఆసుపత్రిలో ఉండాల్సిందే.

"టెస్ట్ డోస్ వేశాం, ఏమీ కాలేదు" అన్న మాట మీకు పరిచయమే. ముంజేతి మీద చిన్న బుడగలా సూది వేసి, చుట్టూ పెన్నుతో గీత గీసి, పావుగంట చూస్తారు. ప్రతి యాంటీబయాటిక్‌కీ ఇలా చేయడం వల్ల భరోసా వస్తుందే గానీ రక్షణ రాదు. టెస్ట్ బాగున్నవాళ్ళకూ వికటించవచ్చు. ఆ చిన్న చుక్కకే వికటించినవాళ్ళూ ఉన్నారు. ఇంతకుముందు ఏ మందు పడలేదో అడిగి తెలుసుకోవడం ఆ గీత కన్నా ఎక్కువ పని చేస్తుంది.

అలాగని సూది అంటేనే దడుచుకుని అవసరమైన మందు మానేయడం కూడా ప్రమాదమే. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి బెంజథిన్ పెన్సిలిన్ వేయాలి. మన జిల్లాల్లో అలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు. రియాక్షన్ భయంతో ఆ సూది వేయడానికి ఒప్పుకోని చోట్లున్నాయి. 1991లో పలు దేశాల వైద్యులు కలిసి 1,790 మంది రోగుల మీద, 32,430 ఇంజక్షన్ల లెక్క తీశారు. ప్రాణం మీదికి వచ్చిన ఎలర్జీ నలుగురిలో కనిపించింది, ఒకరు చనిపోయారు. సూది మానేసిన పిల్లల్లో జ్వరం తిరగబెట్టి కవాటాలు పాడయ్యే ముప్పు దీనికన్నా చాలా పెద్దది. నా దృష్టిలో ఆ సూదిని నిరాకరించడం కన్నా, పక్కన అడ్రినలిన్ పెట్టుకుని వేయడమే వైద్యుడి ధర్మం.

ఇంతవరకు చెప్పింది నిమిషాల్లో వచ్చే ఎలర్జీ. రోజులు, వారాలు గడిచాక వచ్చేది ఇంకొకటి ఉంది. మూర్ఛకు ఫెనిటోయిన్, కార్బమాజెపిన్, లామోట్రిజిన్, గౌట్‌కి అలోప్యురినాల్, ఇంకా సల్ఫా మాత్రలు మొదలుపెట్టిన కొన్ని రోజుల నుంచి రెండు నెలల లోపు కొందరికి ఇది వస్తుంది. ముందు జ్వరం, కళ్ళ మంట, గొంతు నొప్పి. ఆ తర్వాత నోట్లో పుండ్లు, చర్మం మీద ముట్టుకుంటే నొప్పెట్టే ముదురు మచ్చలు, వాటి మీద పొక్కులు. ఇంట్లో పెద్దవాళ్ళు చూసి అమ్మవారు పోసిందంటారు. వేపాకులు పరుస్తారు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరు, మూర్ఛ మాత్ర మాత్రం మానకుండా వేస్తూనే ఉంటారు. వేసిన ప్రతి మాత్రా అగ్నికి ఆజ్యమే. 1922లో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పిల్లల వైద్యులు వర్ణించిన ఈ జబ్బులో చర్మం కాలినట్టు ఊడిపోతుంది. ఒంటి మీద మూడో వంతు దాకా ఊడితే చావు బతుకుల సమస్యే. కొత్త మందు మొదలుపెట్టినవాళ్ళకు జ్వరం, నోటిపూత, కళ్ళు ఎర్రబడటం మూడూ కలిసి వస్తే మందుల కవర్ చేతబట్టుకుని అదేరోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మూర్ఛ మాత్ర కదా, దాని బదులు ఏది వేయాలో అక్కడే చెప్తారు.

ప్రాణం దక్కినా కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. రెప్పల లోపలి అంచు గరుకుగా మారి, రెప్ప వేసిన ప్రతిసారీ నల్లగుడ్డును ఒరుసుకుంటుంది. కొన్నేళ్ళకు చూపు మసకబారిపోతుంది. ఈ విషయంలో మన హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి చేసిన పని ప్రపంచం గుర్తించింది. డాక్టర్ సయన్ బసు, డాక్టర్ స్వప్న షణ్‌బాగ్ వంటివాళ్ళు దీని మీద పరిశోధనలు ప్రచురించారు. పెదవి లోపలి మెత్తటి పొరను తీసి రెప్ప అంచుకు అతుకుతారు. రాపిడి ఆగుతుంది. చిన్నపిల్లల్లో ఇది సమయానికి చేస్తే చూపు నిలుస్తుంది. జబ్బు మొదటి వారంలోనే కంటి డాక్టరు వచ్చి చూసి, అవసరమైతే కంటి మీద మాయపొర కప్పితే అసలు ఇంతదాకా రాకపోవచ్చు. అందుకే ఇలాంటి రోగి వార్డులో ఉంటే, "కంటి డాక్టరును పిలిచారా?" అని మీరే అడగండి.

నెలసరి నొప్పికి ఆడపిల్లలు బ్యాగులో పెట్టుకునే మెఫ్తాల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అందులోని మెఫెనామిక్ యాసిడ్ వల్ల అరుదుగా డ్రెస్ అనే తీవ్రమైన ఎలర్జీ రావచ్చని 2023 చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. రెండు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, దద్దుర్లు, గ్రంథుల వాపు వస్తాయి, కాలేయం కూడా దెబ్బతినవచ్చు. మాత్ర మానేయమని కాదు. వాడుతున్నప్పుడు ఈ లక్షణాలు కనిపిస్తే ఇది గుర్తుకు రావాలి.

పీజీ హాస్టళ్ళలో ఉండే పిల్లలకు, నానక్‌రాంగూడ దాటాక లేబర్ క్యాంపుల్లో ఉండే పాలమూరు, ఒడిశా, బీహార్ కూలీలకు ఒక చిక్కు ఉంది. మందు పడలేదని తెలుసు, ఏ మందో తెలియదు. "తెల్ల మాత్ర" అంటారు, లేదా బ్రాండ్ పేరు చెప్తారు. మాక్స్ అన్నా, నొవామాక్స్ అన్నా, ఆగ్మెంటిన్ అన్నా అన్నింట్లో ఉండేది అమాక్సిసిలిన్. మాక్స్ పడని మనిషి ఏడాది తర్వాత ఆగ్మెంటిన్ మింగితే అదే గండం. వోవెరాన్ పడనివాళ్ళకు బ్రూఫెన్ కూడా పడకపోవచ్చు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరును ఫోటో తీసి పెట్టుకోండి. ఏ రోజు వేసుకున్నారు, ఎంతసేపటికి ఏమైంది అన్నది కూడా దాని కిందే రాయండి. సూపర్‌వైజర్లు తమ కూలీలకు ఈ సంగతి వాళ్ళ భాషలో ఒక కాగితం మీద రాయించి ఇస్తే పుణ్యముంటుంది. అమాక్సిసిలిన్‌కి విరేచనాలైతే అది ఎలర్జీ కాదు, దాన్ని ఎలర్జీగా రాయించుకోవద్దు. పెన్సిలిన్ పడదని నమ్మేవాళ్ళను సరిగ్గా పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిది మందికి పడుతుందనే తేలుతుంది. అనవసరంగా మంచి మందును దూరం చేసుకున్నట్టవుతుంది.

మందులు తయారుచేసి ప్రపంచానికి పంపే ఊరు మనది. ఆ మందులు ఎవరికి ఎలా వికటించాయో లెక్క రాసే పని మాత్రం మనం పెద్దగా పట్టించుకోం. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం సరిగ్గా ఆ పని కోసమే ఉంది. డాక్టరే రాయాలని లేదు, రోగి గానీ ఇంట్లోవాళ్ళు గానీ రాయొచ్చు. ఫారం తెలుగులో కూడా ఉంది. పనిదినాల్లో ఫోన్ చేయడానికి నంబరు చెప్తున్నాను, కాగితం తీసుకోండి: 1800 180 3024. కాల్‌కి డబ్బు పడదు. మందు పేరు, బ్యాచ్ నంబరు దగ్గర పెట్టుకుని చేయండి.